బటన్ నొక్కని మాటలు

బొంబాయిలో గ్రాంట్ రోడ్ స్టేషన్ పక్కన చెవి మిషన్లు అమ్మే దుకాణంలో నా ఉద్యోగం. వచ్చినవాళ్ల చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, సన్నని కూత వినిపించి, "వినబడితే చెయ్యెత్తండి" అంటాను. రోజంతా అదే పని. అందుకే మా బైకుల గుంపుకు బండి నడుపుతూ మాట్లాడుకునే సెట్లు ఏవి కొనాలో తేల్చమని అందరూ నా మీదే పెట్టారు.

గుంపంటే నలుగురమే. ముందు నడిచేది సపన, ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేస్తుంది. అతుల్ బ్యాంకులో గుమాస్తా. మంగేష్ నాకంటే చిన్నవాడు, కామాటిపురలో మా వరస గదుల చాల్‌లోనే పుట్టి ఇప్పుడు వర్లికి మారిపోయాడు. మా ముత్తాతల్లాగే వాడి ముత్తాతలూ పాలమూరు దిక్కు నుంచి రాళ్లు మొయ్యడానికి బొంబాయి వచ్చినవాళ్లే. కానీ వాడి నోటికి తెలుగు రాదు. అక్కా అనడానికి నన్ను మరాఠీలో "తాయి" అని పిలుస్తాడు. మా నలుగురి మాటలూ మరాఠీలోనే.

పోయిన వానాకాలం అతుల్ ఒక మలుపులో జారిపడ్డాడు. వెనకే వస్తున్నాడులే అనుకుని మేం ముగ్గురం ముందుకు వెళ్లిపోయాం. టీ తాగాం, ఫొటోలు దిగాం. ఎంతకీ రాకపోతే వెనక్కి తిరిగాం. బండి కింద కాలు ఇరుక్కుని, భుజం విరిగి, వానలో వెల్లకిలా పడి ఉన్నాడు. "గొంతు పోయేదాకా అరిచాను" అన్నాడు. ఆ మాట మా ముగ్గురినీ వదల్లేదు. ఈసారి సెట్లు లేకుండా ఘాట్ ఎక్కేది లేదని సపన ఖరాఖండిగా చెప్పేసింది.

వెతికితే రెండు రకాలు తేలాయి. ఒకటి చిన్న వాకీటాకీ. జేబులో పెట్టుకుని, వైరు హెల్మెట్‌లోకి తీసి, హ్యాండిల్‌కు కట్టిన బటన్ నొక్కి మాట్లాడాలి. వదిలితేనే అవతలివాళ్ల మాట వినబడుతుంది. అది చాలా దూరం పోతుంది గానీ దానికి తలుపులుండవు. అదే చానెల్ పెట్టుకున్నవాళ్లు ఎవరైనా మన మాట వినొచ్చు, మధ్యలో దూరొచ్చు. రెండోది హెల్మెట్‌కే అంటించే బ్లూటూత్ సెట్టు. చేతులతో పనిలేదు, ఫోన్లో మాట్లాడుకున్నట్టే. జత చేసుకున్నవాళ్లు తప్ప ఇంకొకరు అందులోకి రాలేరు, కానీ దూరం పెరిగితే మాట తెగిపోతుంది.

సపనకు వాకీటాకీ కావాలి, అతుల్‌కు బ్లూటూత్. రెండూ అద్దెకు తెచ్చాను. జూలై ఆదివారం మాల్షేజ్ ఘాట్ ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి వాడి చూద్దామన్నాను.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నన్ను పెంచింది మా అవ్వ, బాలమ్మ. రెండేళ్ల కింద ఆమె పోయాక మా చాల్ గదిలో నేనొక్కదాన్నే. చాల్ పడగొట్టి కొత్తది కడతారని సగం మంది ఖాళీ చేసి వెళ్లిపోయారు. మా అంతస్తులో తాళాలే ఎక్కువ. అవ్వతో పాటే ఇంట్లో తెలుగు పోయింది. కింద ఉండే రత్నాబాయి పిన్నిది కూడా తెలుగు ఇల్లే, కానీ ఎప్పుడో మరాఠీకి మారిపోయింది. ఒక్కోసారి కుక్కర్ దించుతూ "ఉడికిందా?" అని నన్ను నేనే అడుగుతాను. నా గొంతులో తెలుగు ఇంకా ఉందో లేదో చూసుకోవడానికి.

ఆ ఆదివారం ఘాట్ కింద టీ కొట్టు దగ్గర వాకీటాకీలు కట్టుకున్నాం. ముందు సపన, తర్వాత అతుల్, తర్వాత నేను, చివర మంగేష్. పగటిపూటే, అయినా మబ్బు కొండ మీద కూర్చుని దీపాలు పెట్టే వేళలా ఉంది. తడిసిన ఆకులు కుళ్లిన వాసన, దిగుతున్న లారీల బ్రేకులు మాడిన వాసన.

మొదట్లో అంతా బాగానే సాగింది. "ఎడమ మలుపు, లారీ వస్తోంది" అని సపన చెబుతుంది. బటన్ వదలగానే చెవిలో కర్రుమని ఒక చప్పుడు. "సరే" అంటాడు అతుల్. "సరే" అంటాను నేను. వెనక నుంచి "సరే" అంటాడు మంగేష్.

పైకి పోయేకొద్దీ పొగమంచు చిక్కబడింది. ముందున్న అతుల్ ఎర్ర లైటు మసకబారి, చుక్కలా మారి, పోయింది. సపన మాట సగం సగం వినబడింది. తర్వాత అదీ లేదు. హెల్మెట్ మీద వాన చప్పుడు మాత్రం మిగిలింది. అద్దంలో వెనక ఒక పసుపుపచ్చ లైటు కనిపించింది. మంగేష్ ఉన్నాడులే అనుకున్నాను.

"అక్కా, ఎడమకే ఉండు. కుడి దిక్కు నీళ్లు పారుతున్నయ్."

ఉలిక్కిపడ్డాను. తెలుగు! అచ్చం మా అవ్వ మాట్లాడే తెలుగు. గొంతు మంగేష్‌ది.

"అరే, నీకు తెలుగు వస్తదారా?"

"రాకేంది? ఎవలన్న మాట్లాడిచ్చిన్రా నాతోని?"

నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ పక్కనే ఉండి నేనెప్పుడూ తెలుగులో పలకరించలేదు. నిజమే కదా అనిపించింది.

"పొద్దుగాల ఏం తిన్నవక్కా?"

"ఏం తినలే. ఒక్కదానికి ఏం చేసుకుంట?"

"జొన్నరొట్టె చేసుకోరాదూ. పుంటికూర ఏసుకొని."

"అవ్వ చేస్తుండె. నాకు చేతగాదు. పగుల్తయ్ రొట్టెలు."

"ఉడుకు నీళ్లతోని కలుపు. పగులవు."

అలా మాట్లాడుకుంటూ పోయాం. ఎంతసేపో తెలియదు. అవ్వ పాడే నాట్ల పాటల గురించి, పాలమూరు ఎండ గురించి, మేం ఇద్దరం ఒక్కసారి కూడా చూడని ఊరి గురించి. వాడు చూసొచ్చినట్టే చెప్పాడు. భుజాలు వదులయ్యాయి. వాన చల్లగా లేదు. రెండేళ్లలో అంత తేలిగ్గా ఎప్పుడూ ఊపిరి పీల్చలేదు.

"ఇంటి కాడ నీకోసం ఎవలన్న ఎదురు చూస్తరా అక్కా?"

"ఎవలు చూస్తర్రా? తాళం చూస్తది."

"చూస్తర్లే. ఇయ్యాల్టి సంది చూస్తరు."

"ఆఁ, నువ్వొస్తవా?"

"ఏ ఖోలీ నీది?"

"మరిచిపోయినవా? రెండో అంతస్తు, చివరి గది."

"చివరిది..." అని మెల్లగా అన్నాడు, నోట్లో పెట్టుకుని రుచి చూసినట్టు.

అప్పుడు రోడ్డు మీద ఒక గుంత వచ్చింది. బండి ఎగిరింది. పడకుండా రెండు చేతులతో హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకున్నాను. నా కళ్లు నా ఎడమ చేతి మీద పడ్డాయి.

బొటనవేలు రబ్బరు పిడి కింద ఉంది.

బటన్ పైన ఉంది. వేలికి దూరంగా.

గుర్తు చేసుకోబోయాను. ఎప్పుడు నొక్కాను? "అరే, నీకు తెలుగు వస్తదారా" అన్నప్పుడు... నొక్కలేదు. రొట్టెల గురించి చెప్పినప్పుడు... నొక్కలేదు. ఒక్కసారి కూడా నొక్కలేదు. కర్రుమనే చప్పుడు ఒక్కసారి కూడా రాలేదు.

హెల్మెట్ లోపల, నాలో నేను మాట్లాడాను. అది విని జవాబు చెప్పాడు.

ఎక్కడి నుంచి?

నేను చెవుల దుకాణంలో పనిచేసేదాన్ని. గొంతు స్పీకర్లోంచి వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది స్పీకర్ గొంతు కాదు. దగ్గరగా ఉంది. చాలా దగ్గరగా... మెడ వెనక. హెల్మెట్ లోపల తడిసిన సున్నం వాసన వేసింది.

అద్దంలో చూశాను. పసుపుపచ్చ లైటు అలాగే ఉంది. మలుపు తిరిగినా అద్దంలో అది కదల్లేదు. ఒకే చోట. ఒకే ఎత్తులో.

"ఏంది అక్కా, మాట్లాడ్తలేవు?"

పళ్లు బిగించాను.

"జర ఎడమకు రా. ఇంకా ఎడమకు. మెత్తగుంటది."

నా చేతులు నా ప్రమేయం లేకుండానే ఎడమకు వంగాయి. చక్రం కింద తారు పోయి కంకర తగిలింది. అప్పుడు బ్రేకు వేశాను. బండి జారి, ఊగి, ఆగింది. ఇంజిన్ ఆగిపోయింది. గాలికి మంచు కొంచెం పక్కకు తొలిగింది. ముందు చక్రానికి జానెడు దూరంలో నేల లేదు. రెయిలింగు విరిగి కిందికి వేలాడుతోంది. దాని కింద తెల్లగా... ఏమీ లేదు.

వెనక లైటు కూడా ఆగింది.

"గింత దూరమొచ్చి ఆగుతరా..." అంది గొంతు. ఇప్పుడది మంగేష్‌ది కాదు. ఎవరిదీ కాదు.

బొటనవేలు పైకి జరిపి బటన్ నొక్కాను. "మంగేష్! ఎక్కడున్నావ్?" అని మరాఠీలో అరిచాను. వదిలాను.

కర్రుమంది. సపన. "రుతుజా! ఎంతసేపటి నుంచి పిలుస్తున్నాం! మంగేష్ ఇక్కడే, మాతోనే పైన ఉన్నాడు. నువ్వెక్కడ?"

అద్దంలో లైటు ఆరిపోయింది.

పైకి ఎలా చేరానో చెప్పలేను. టీ బండి దగ్గర ముగ్గురూ నిలబడి ఉన్నారు. మంగేష్ మొహం చిన్నబోయి ఉంది.

"మంచు చిక్కబడ్డ చోటే నిన్ను దాటాను తాయి. హారన్ కొట్టాను. నువ్వు తల తిప్పలేదు. ఏదో మాట్లాడుతూ నవ్వుతున్నావు. ఫోన్ అనుకున్నా."

"మీ సెట్లలో నా మాటలు వినబడ్డాయా?"

"ఒక్క ముక్క రాలేదు" అన్నాడు అతుల్.

"నా వెనక ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. అందుకేగా భయపడ్డాం."

"మంగేష్, నీకు తెలుగు వచ్చా?"

వాడు సిగ్గుగా నవ్వాడు. "నీళ్లు. అన్నం. ఇంకేం రాదు తాయి."

వాళ్లకేమీ చెప్పలేదు. నమ్మరని కొంత. ఇంకో కారణం ఉంది, అది చెప్పుకోవడానికే నాకు భయం. ఆ మాటలు నావి. రెండేళ్ల తర్వాత దొరికినవి. వాటిని మరాఠీలోకి మార్చి నలుగురి ముందు పెట్టబుద్ధి కాలేదు.

దిగేటప్పుడు బ్లూటూత్ సెట్లు పెట్టుకున్నాం. నాలుగు గొంతులు, నాలుగే. తేటగా, పక్క కుర్చీలోంచి మాట్లాడినట్టు. మధ్యలో ఎవరూ రాలేదు. కల్యాణ్ దగ్గర బండ్లు ఆపి ఇవే కొందామని తేల్చుకున్నాం. సపన కూడా ఒప్పుకుంది. అంతా సంతోషంగా విడిపోయారు. నేను ఒక్కదాన్నే, చెవిలో ఏ చప్పుడూ లేకుండా, ఇంటికి వచ్చాను.

మా గల్లీలో అప్పుడే దీపాలు వెలుగుతున్నాయి. తడి బట్టలతో మెట్లెక్కుతుంటే మొదటి అంతస్తులో రత్నాబాయి పిన్ని బియ్యం ఏరుకుంటోంది.

"మళ్లీ ఎప్పుడు కిందికి దిగావే?" అంది తలెత్తకుండానే. "చుట్టాలొచ్చారని చెప్పనే లేదు. మధ్యాహ్నం నుంచి నీ నవ్వు ఇక్కడిదాకా వినబడుతోంది. ఎన్నాళ్లకు నవ్వావే పిల్లా."

మెట్లు ఎక్కాను.

నడవా అంతా చీకటి. తాళాలు వేసిన తలుపులు. చివర నా గది. తలుపు సందులోంచి వెలుతురు గీతలా బయట నేల మీద పడి ఉంది. పొద్దున నేను వేసిన తాళం వేసినట్టే ఉంది.

లోపల మాటలు. చాలామంది. గిన్నెల చప్పుడు, ఎవరో దగ్గడం, ఎవరో పిల్లను గదమాయించడం. అంతా తెలుగే. పెనం మీద జొన్నరొట్టె కాలుతున్న వాసన. నా కడుపులో ఆకలి కదిలింది. అంతమంది నా గదిలో... అంత సందడి.

తాళం చెవి తీశాను. ఎందుకు తీశానో నాకు తెలియదు. తిప్పాను. తాళం ఊడి చేతిలోకి వచ్చింది.

లోపల అందరూ ఒక్కసారిగా ఊరుకున్నారు.

"ఎవలు?" అని అడిగింది ఒక ఆడగొంతు.

అది నా గొంతు.

నోరు తెరిచాను. "నేను" అనాలి. ఒక్క మాట. అది తెలుగులో రాలేదు. ఏ భాషలోనూ రాలేదు.

"ఎవలో దారి తప్పొచ్చినట్టున్నరు" అన్నాడు లోపల ఒక మగమనిషి. "గొళ్లెం పెట్టు బిడ్డా."

లోపల గొళ్లెం పడింది. మాటలు మళ్లీ మొదలయ్యాయి.

గోడ పట్టుకుని మెట్లు దిగాను. రత్నాబాయి పిన్ని ఇంకా అక్కడే ఉంది. నా అడుగుల చప్పుడుకు ఈసారి తలెత్తింది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. బియ్యం చాట పక్కన పెట్టి, లేచి, తన తలుపు సగం మూసింది. నేను పుట్టినప్పటి నుంచి నన్ను "ఏమే", "పిల్లా" తప్ప ఇంకో పిలుపు పిలవని మనిషి, ఆ సందులోంచి, కొత్తవాళ్లతో మాట్లాడే మర్యాదతో అడిగింది.

"ఎవరు కావాలండీ మీకు?"