ధైర్యపట్టి తీసిన మధ్యాహ్నం

పైకప్పు కిర్రుమని మూలిగింది. అన్నం తింటున్న ముగ్గురిలో ఒక్కరూ తలెత్తి చూడలేదు. నెత్తిన అర కిలోమీటరు సముద్రాన్ని మోస్తున్న ఇల్లు, పోటు మారినప్పుడల్లా మూలుగుతూనే ఉంటుంది. కాంచన కూతురి కంచంలో మరో గరిటె పప్పు వేసింది. పైడిరాజు తీరిగ్గా మజ్జిగ కలుపుకున్నాడు.

ఆ నిబ్బరం వాళ్లది కాదు, మణికట్టున ఉన్న ధైర్యపట్టిది. గుండె దడదడలాడబోతోందని ముందే పసిగట్టి, భయాన్ని నరాల్లోనే అణిచేసే పరికరం అది. పరాయి దేశపు కడలి అడుగున గొట్టాలు అతకడానికి చెయ్యి వణకని మనుషులు కావాలి. అందుకే ఆ సాగరనగరంలో పనికి చేరినవాళ్లకి రాగానే, అక్కడ పుట్టిన బిడ్డకు పురిట్లోనే పట్టి కట్టేస్తారు. మూడేళ్లు ఉండి వద్దామని పలాస నుంచి బయల్దేరిన పైడిరాజు దంపతులు పదకొండేళ్లు ఉండిపోయారు. ఉండిపోక ఏం చేస్తారు? బెంగలో సగం భయమే కదా, అదీ పట్టిలోనే ఇంకిపోయింది.

ఇప్పుడు గడువు మీదికొచ్చింది. వచ్చే బుధవారానికి కూతురు తరణికి తొమ్మిదేళ్లు నిండుతాయి. తొమ్మిది దాటాక పిల్లల పట్టి ఇక ఊడదు, నరాలతో కలిసిపోతుంది. పట్టి ఉన్నవాళ్లని సొంత దేశం రానివ్వదు. కనుక ఆ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ మూడు గంటలు పట్టి లేకుండా గడిపి, వెళ్లేదీ మానేదీ తేల్చుకోవాలి. మధ్యలో ఏ ఒక్కరు మళ్లీ పెట్టుకున్నా ప్రయాణం రద్దు. భోజనాలయ్యే వేళకి ప్రయాణాధికారిణి వచ్చి, ఈ నియమాలన్నీ వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పి, పట్టీల తాళాలు తీసి వెళ్లింది. పెద్దవాళ్లు ముందు తీయాలి, పిల్లది అరగంట ఆగి తీయాలి.

కాంచనకి మొదట ఏమీ తెలియలేదు. మణికట్టు మీది తెల్లటి చార చూసుకుని నవ్వింది కూడా. తర్వాత, ఈ రేకు కిందనా ఇన్నేళ్లు నిద్రపోయాను అనుకుంటూ పైకప్పు వైపు చూసి, చూడలేక కళ్లు దించుకుంది.

అప్పుడు నిరుటి సంగతి గుర్తొచ్చింది. తరణి నీటితలుపు మీట మీదికెక్కి ఉయ్యాల ఊగుతోంది. ఆ మీట ఇంకో బెత్తెడు కిందికి దిగితే సముద్రం ఇంట్లోకి వచ్చేది. తాను గుమ్మంలో నిలబడి, అన్నం చల్లారిపోతోంది, తినేసి ఊగమని చెప్పింది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అది తలుచుకోగానే కాంచన కేక బయటికి రాకుండా నోట్లో కొంగు కుక్కుకుంది. బిడ్డ చావు అంచున ఊగుతుంటే బెదరని తల్లి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఏమైనా సరే, పిల్లని ఇక్కడ ఉంచకూడదని గట్టిగా అనుకుంది.

పైడిరాజు పరిస్థితి అంతకంటే మెరుగ్గా లేదు. గోడకి వీపు ఆనించి, చెమటలు కారుతుంటే, అరగంట కాగానే కూతురి పట్టి విప్పాడు. తరణి తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. మీ ముఖాలు అలా ఉన్నాయేమని అడిగింది.

ఇల్లు మళ్లీ మూలిగింది.

ఈసారి తరణి తలెత్తింది. పెదాలు పాలిపోయాయి. చేతులు రెండూ గుండెల మీదికి వెళ్లాయి. లోపల కొట్టుకుంటున్నదేమిటో ఆ పిల్లకి తెలియదు. కాంచన మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచింది. తన చిన్నప్పుడు పలాస సందుల్లో కుక్క మొరిగితే చాలు, పరుగెత్తి తల్లి కుచ్చిళ్లలో దూరిపోయేది. ఆ పరుగు తనకి ఎవరూ నేర్పలేదనీ, అది పుట్టుకతో వస్తుందనీ ఇన్నాళ్లూ ఆమె నమ్మకం.

తరణి పరుగెత్తింది, కానీ నీళ్లపీపా వెనక్కి. అక్కడ ముడుచుకుని గోడకి అతుక్కుపోయింది. పడిందీ లేచిందీ పట్టే చూసుకున్న పిల్ల. ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా జడుసుకుని తల్లి దగ్గరికి వచ్చే అవసరం పడలేదు. ఆ అలవాటు ఎక్కడినుంచి వస్తుంది?

కాంచన పీపా దగ్గరికి పాకి మళ్లీ చేతులు చాచింది. వణికే చేతులు, పెద్దవైన కళ్లు, తడిసిన ముఖం. అలాంటి ముఖాన్ని తరణి పుట్టి ఎరగదు.

"నన్నేటి సేత్తావమ్మా?" అంది సన్నగా.

కాంచన చాచిన చేతులు అలాగే ఆగిపోయాయి.

"పెట్టీద్దామే," అన్నాడు పైడిరాజు. "పిల్ల జడుపుకే సచ్చిపోయేలాగుంది. ఇక్కడే ఉండిపోదాం."

"ఒద్దు మావా. ఇయాల పెడితే ఇంకెప్పుడికీ ఊడదు."

ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండా చాలాసేపు వాదించుకున్నారు. ఆ సందులో తరణి పీపా వెనకనుంచి వచ్చి, విప్పిన పట్టీలు పెట్టిన పళ్లెం దగ్గర నిలబడింది. తన చిన్న పట్టిని ముట్టుకోలేదు. తల్లి పట్టి తీసి నేల మీద పెట్టి, కాలి బొటనవేలితో ఆమె వైపు నెట్టింది.

"పెట్టుకోయే అమ్మా. పెట్టుకుంటే నీ కాడికొత్తాను."

ఒక్క నొక్కు నొక్కితే చాలు, బిడ్డ ఒళ్లో ఉంటుంది. కాంచనకి ఆ పట్టిని అందుకోవాలని ప్రాణం లాగేసింది. అందుకుంటానేమోనన్న భయంతో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పెట్టుకోనని తల అడ్డంగా ఊపింది. తరణి తిరిగి మూలకి వెళ్లి ఏడవడం మొదలుపెట్టింది. గంటన్నర ఏడ్చింది. కాంచన పిల్ల దగ్గరికి వెళ్లే కొద్దీ ఏడుపు పెరిగింది, దూరం జరిగితే తగ్గింది. అందుకని దూరంగానే ఉండిపోయింది.

గడువు తీరగానే తలుపు తెరుచుకుంది. ప్రయాణాధికారిణి లోపలికొచ్చింది. మణికట్టున పట్టి, ముఖాన ఒక్క ముడత లేని ప్రశాంతత. తరణి ఆమెని చూసింది. మూలలోంచి లేచి ఒక్క ఉదుటున పరుగెత్తి, ఆ పరాయి మనిషి నడుము రెండు చేతులా వాటేసుకుని, పొట్టలో ముఖం దాచుకుంది.

ఆమె ఇందులో వింతేమీ కనిపించనట్టు పిల్ల తల నిమిరి, మీ నిర్ణయం ఏమిటని అడుగుతూ సంతకాల పలక చాచింది.

పైడిరాజు భార్య వైపు చూశాడు. కాంచన లేచి నాలుగడుగులు వేసింది. తల్లి దగ్గరికొస్తోందని తెలిసి తరణి అధికారిణి వెనక్కి ఇంకాస్త నక్కింది. కూతురికి తగలకుండా చెయ్యి పక్కనుంచి పోనిచ్చి, వెళ్తామన్న గడిలో కాంచన వేలిముద్ర వేసింది.