రొసియో అనే మనిషి లేదు

ఉదయం ఎనిమిదింటికి పరాయిదేశపు గూఢచారి బ్రూనెలా తన యజమానుల్ని అమ్మేసింది. ఎనిమిదిన్నరకల్లా ఏజెంట్ నెలిదా ఉంపియెర్రెస్‌కు పని పడింది.

రాజధాని మోంతెవిదేయోలో బోర్డు లేని ఆఫీసది. కల్నల్ బిదెగాయిన్ ఫైలు ముందుకు తోశాడు.

"విల్మర్ తెచెరా. మన సంకేత విభాగంలో గుమాస్తా. యాభై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు. ఆరు నెలలుగా డేటింగ్ యాప్‌లో రొసియో అనే ఆవిడతో ప్రేమలో ఉన్నాడు."

"ఎవరు సార్ ఆ రొసియో?"

"నేనే," అంది మూల కుర్చీలోంచి బ్రూనెలా. పట్టు జాకెట్టు, ఎర్రగోళ్లు, రెండు దేశాల జీతం. "ముఖం మాత్రమే నాది. ప్రేమ కబుర్లు రాసేది ముగ్గురు మగాళ్లు, వేరే దేశంలో ఏసీ గదిలో కూర్చుని."

ఈరోజు పదకొండింటికి ఆదివారం సంతలో విల్మర్ ఒక పెన్‌డ్రైవ్ ఇవ్వబోతున్నాడు. అందులో పదకొండు మంది ఏజెంట్ల అసలు పేర్లున్నాయి. రొసియోను మాజీ మొగుడు బంధించాడనీ, అది ఇస్తేనే వదులుతాడనీ ఆ పిచ్చివాణ్ణి నమ్మించారు.

"ఇంట్లోనే పట్టేద్దాం సార్."

"పడితే తీసుకునేవాడు జారిపోతాడు. వాడు చెయ్యి చాపేదాకా ఆగు. కానీ డ్రైవ్ వాడి చేతిలో పడకూడదు. ఫోన్‌కు తగిలిస్తే పది సెకన్లు, పదకొండు శవాలు."

బ్రూనెలా తన ఫోన్ నెలిదా ఒళ్లో పడేసింది. "ఆ ఖాతా ఇందులోనే ఉంది. చదువుకో అక్కా, ఏడుపొస్తుంది."

కారులో చదివింది. ఏడుపు రాలేదు. విల్మర్ రోజూ రాత్రి భోజనానికి రెండు పళ్లేలు పెట్టి, ఎదుటి ఖాళీ పళ్లేన్ని ఫొటో తీసి పంపేవాడు. "ఇది నీది" అని రాసేవాడు. నూట అరవై ఫొటోలు!

పదిన్నరకు సంతలో ఒక ముసలమ్మ పక్షిగింజల సంచితో మెట్ల మీద చతికిలబడింది. నెరిసిన విగ్గు, ఒకదాని మీద ఒకటి రెండు స్వెటర్లు, చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు. మూతలో మైకు ఉంది. ఆ ఊళ్లో ఫ్లాస్కు లేకుండా తిరిగేవాణ్ణి అనుమానించాలి గానీ ఉన్నవాళ్లను కాదు. ఆమె మనుషులిద్దరు ముప్ఫై అడుగుల దూరంలో సాసేజీలు తింటున్నట్టు నటిస్తున్నారు, లేదా నిజంగానే తింటున్నారు.

పక్క మెట్టు మీద విల్మర్. ఒళ్లో పసుపు పిట్ట ఉన్న పంజరం, అది వాళ్లు చెప్పిన గుర్తు. కొత్త చొక్కాకు ప్యాకెట్ మడతలు ఇంకా పోలేదు. కుడి పిడికిలి బిగించి ఉంది.

ముసలమ్మ వేషంలో ఉన్న నెలిదా, ఆ దేశపు తేనీరు మాతే తాగే చిన్న సొరకాయ బుర్రలో ఆకుపొడి పోసి, అక్కడ అందరూ చేసినట్టే ఒక పక్కకు దిబ్బలా ఎగదోసి, రెండో పక్కనే వేడినీళ్లు వంచింది. "మాతే తాగు నాయనా. పెళ్లిచూపులా, ఇలా తయారయ్యావు?"

విల్మర్ సిగ్గుపడ్డాడు. "అలాంటిదే పెద్దమ్మా."

"పిల్లను చూశావా?"

"వీడియోలో. రెండుసార్లు. వాళ్లక్కడ నెట్ సరిగా రాదు."

"ఎదురుగా?"

"ప్రతిసారీ ఏదో అడ్డం. ఓసారి యాక్సిడెంటు, ఓసారి వాళ్ల నాన్నకు ఆపరేషను."

"ఏ ఊరు?"

"మన దురాస్నోనే. పోయినేడాది దాకా అక్కడే ఉంది. వీడియోలో నాకోసం మాతే కూడా కలిపింది!"

"ఎలా కలిపింది? ఇలాగేనా?"

అతను బుర్రలోకి తొంగి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "దిబ్బంతా ముంచేసింది. పీల్చే గొట్టంతో గరిటెలా కలిపింది."

"దురాస్నోలో పుట్టిన పసిపిల్లైనా అలా కలుపుతుందా? అది ఈ దేశపు మనిషే కాదు బాబూ. ఎదురుపడదు, కష్టాలు మాత్రం వారానికొకటి. పైగా ఇప్పుడేదో తెమ్మంది, అవునా? నిన్ను మోసం చేస్తున్నారు."

"భయంతో చేతులు వణికుంటాయి! నీకేం తెలుసు ముసల్దానా? నన్ను ప్రేమించిన మనిషి అదొక్కతే!"

విల్మర్ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం నెలిదా వృత్తి కాదు. సంచిలో చెయ్యి పెట్టి, గింజల మధ్య బ్రూనెలా ఫోన్ తీసి టైపు చేసింది. పంపే ముందు ఒక్క క్షణం వేలు ఆగింది. అంతే, ఒక్క క్షణమే.

తెల్లటోపీ వాడు వచ్చి పంజరం ముందు వంగాడు. "ఈ పిట్ట పాడుతుందా?"

"తిండి పెడితే..." అంటూ విల్మర్ పిడికిలి చాపాడు. జేబులో ఫోన్ మోగింది. రొసియోకు మాత్రమే పెట్టుకున్న మోత అది. ఎడంచేత్తో తీసి చదివాడు.

"విల్మర్, ఆ ఖాళీ పళ్లేల ఫొటోలు ఇక్కడ గోడకు అంటించాం. ముసలి పెళ్లికొడుకు అని పేరు పెట్టి రోజూ పడీపడీ నవ్వుతాం. నీ ఎదురుగా కూర్చుని తినడానికి కుక్క కూడా ఒప్పుకోదు. ఆ డ్రైవ్ ఇచ్చేసి పో."

అతని మొహం చూడలేక నెలిదా పిట్టను చూసింది.

"పాడుతుందా లేదా?" టోపీవాడు పళ్లు కొరికాడు.

"పాడదు," అన్నాడు విల్మర్. పిడికిలి గుండెలకు అదుముకున్నాడు.

వాడు మణికట్టు మెలితిప్పాడు. వేళ్లు ఒక్కొక్కటే విడుతున్నాయి. డ్రైవ్ కొస వాడి వేలికి తగిలింది. నెలిదా ఫ్లాస్కు మూత పీకి, పొగలు కక్కే నీళ్లు వాడి చేతి మీద కుమ్మరించింది. సంతంతా అదిరేలా అరిచాడు. సాసేజీలు పారేసి ఇద్దరూ వాడి మీద పడ్డారు.

వ్యాన్‌లో విల్మర్ బేడీల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పదిహేనేళ్లు ఖాయం. ముందు సీట్లో, అతనికి మొహం కనబడకుండా స్కార్ఫ్ చుట్టుకున్న బ్రూనెలా ఆ మెసేజ్ చదివి ఈల వేసింది. "మా ముగ్గురు మగాళ్లకు కూడా ఇంత చేత కాదు అక్కా. ఉద్యోగం మారతావా?" అని పక్కనున్న నెలిదా చెవిలో గొణిగింది.

"అమ్మా," అన్నాడు విల్మర్ నెలిదాతో. "ఆ చివరిది... రొసియోనే రాసిందా?"

కాదంటే చాలు, ఈ మనిషి జైల్లో కూడా రెండు పళ్లేలు అడుగుతాడు.

"ఆవిడే రాసింది."

విల్మర్ తలూపాడు. "పోనీలెండి. ఒక్కసారైనా నిజం చెప్పింది."

సాయంత్రం నెలిదా రిపోర్టు నింపింది. పదకొండు మందీ క్షేమం. ప్రాణనష్టం లేదు. ‘వాడిన ఆయుధం’ అన్నచోట కాసేపు ఆగి, ‘వేడినీళ్లు’ అని రాసి సంతకం పెట్టింది.