మకెరీటా, బుట్ట ఎక్కడ?

ఊరి చివర కోకో తోట మలుపులో ఖాళీ ఇల్లు ఒకటుంది. పొద్దుగూకాక దాని ముందు నుంచి ఎవరూ ఒంటరిగా నడవరు. తప్పక నడవాల్సి వస్తే ఈల వేయరు, వెనక్కి చూడరు. ఇంటివాళ్ళు ఆక్లాండ్ వెళ్ళిపోయి ఏళ్ళయింది. అయినా లోపల ఎవరో మాట్లాడుకుంటారట... పేరు పెట్టి పిలుస్తారట... పలికామా, మర్నాటికి జ్వరమేనట. సవాయీ దీవిలో ఇలాంటి చోటు లేని ఊరుంటే చూపించండి. మా ఊరు మాత్రం ఎందుకు తక్కువ తింటుంది?

అలాంటి ఇంటికి, అదీ మసకచీకట్లో, మకెరీటా ఒక్కతే బయల్దేరిందంటే ఆమెకి ఎంత గండం ముంచుకొచ్చిందో మీరే ఊహించుకోండి.

మకెరీటా అంటే అల్లాటప్పా మనిషి కాదు. వచ్చే వారం ఆడవాళ్ళ కమిటీకి పెద్ద కాబోతోంది. ఊళ్ళో ఏ విందు జరిగినా వాటాల బుట్టలన్నీ ఆమె చేతిమీదుగానే కదులుతాయి. ఏ ముక్క ఎవరిదన్నది మాకు తాతలనాటి లెక్క. పందిలో నడుం ముక్క పాస్టరుగారిది. అది ఇంకొకళ్ళ నోట్లో పడిందంటే ఊరంతటికీ తలవంపులు.

మరి మొన్న కొత్త చర్చి ప్రారంభం రోజున ఏమైంది? వేడి రాళ్ళ మీద కాలిన పంది, తోలు కరకరలాడుతూ, కొవ్వు కారుతూ... ఘుమఘుమలు. పొద్దుట్నుంచీ ఉపవాసంతో తిరుగుతోందేమో, మకెరీటా బుద్ధి గడ్డి తింది. పాస్టరుగారి ముక్కని అరిటాకులో చుట్టి తన బుట్టలోకి తోసేసింది. తీరా ఇంటికెళ్ళి చూసుకుంటే బుట్టలో ఉత్త ఆకులే! ఏ కుక్క పనో అనుకుంది. పాపం మూటగట్టుకుంది గానీ, పాపం, ముక్క మాత్రం నోట పడలేదు.

పాస్టరుగారు అడుగుతారేమోనని రోజూ వణికింది. ఆయన ఊరికి కొత్త, మొహమాటస్తుడు, అడగలేదు. హమ్మయ్య అనుకునేలోపే ఇంకో కబురు... ఆ రోజు తీసిన వీడియోని శనివారం సాయంత్రం హాల్లో అందరికీ చూపిస్తారట. కెమెరా నిలబెట్టింది సరిగ్గా వాటాలు పంచే చాపకి ఎదురుగా!

వీడియో కూర్చేవాడు ఆమె అన్న కొడుకే, ఫలనీకో. ఇంట్లో పిల్లల గోల పడలేక, కరెంటు ఇంకా ఉంది కదా అని, కంప్యూటర్ పట్టుకెళ్ళి ఆ ఖాళీ ఇంట్లో కూర్చున్నాడు. దెయ్యం వస్తే వీడియో ఎలా ఉందో అదే చెబుతుందిలే అని వాడి వేళాకోళం. వాణ్ణి బతిమాలి వీడియోలో ఆ చోటు గబగబా జరిగిపోయేలా చేయించుకోవాలి... అదీ మకెరీటా ఎత్తు.

సరిగ్గా ఆ ఇంటి ముందుకి వచ్చేసరికి... శంఖం ఊదారు.

సాయంత్రం ప్రార్థన శంఖం వినిపించిందంటే ఎక్కడివాళ్ళు అక్కడే. దారిలో ఉంటే దారి పక్కనే చతికిలబడాలి. మళ్ళీ శంఖం ఊదేదాకా కదలకూడదు, నోరు మెదపకూడదు. కదిలితే కర్రలు పట్టుకుని కాపలా కాసే కుర్రకారు జరిమానా వేస్తారు. కమిటీకి పెద్ద కాబోయే మనిషి జరిమానా కడితే ఇంకేమైనా ఉందా! గోడ పక్కనే కూలబడింది పాపం.

ఊరంతా నిశ్శబ్దం. కోకో ఆకులు కూడా కదలడం లేదు. అప్పుడు... ఇంట్లోంచి...

"మా... కె... రీ... టా..."

మనిషి గొంతు కాదది. నూతి అడుగు నుంచి వచ్చినట్టు బొంగురుగా, మెల్లగా...

"బు... ట్ట... ఎ... క్క... డ..."

మకెరీటాకి ముచ్చెమటలు పోశాయి. పారిపోదామంటే కుర్రకారు. కూర్చుందామంటే ఇది! కళ్ళు గట్టిగా మూసుకుంది. మళ్ళీ అదే పిలుపు. ఈసారి వెనకాల ఓ నవ్వు కూడా... హో... హో... హో... అని సాగుతూ.

"తల్లీ, నేనే..." గుసగుసగా మొదలుపెట్టింది. "నేనే దాచాను. పాస్టరుగారి ముక్క. నీమీదొట్టు, తినలేదు. తిందామనే దాచాను గానీ తినలేదు. ఈసారికి వదిలెయ్యమ్మా..."

రెండో శంఖం మోగింది. తలుపు కిర్రుమంది. ఎవరో టార్చి లైటు మొహం మీద వేశారు.

"అత్తా? ఇక్కడేం చేస్తున్నావు? ఎవరితో మాట్లాడుతున్నావు?"

"ఒరే ఫలనీకో! లోపల... లోపల అది నన్ను పిలిచిందిరా!"

వాడు ఒక్క క్షణం తెల్లబోయి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "అది దెయ్యం కాదే, మా అమ్మ! విందులో నిన్ను పిలిచింది. వేగం తగ్గించి చూస్తున్నా. మాట కూడా సాగిపోయి గొంతు అలా బొంగురుపోతుంది. స్పీకరు హోరులో శంఖమే వినపడలేదు నాకు."

"చచ్చినోడా! నా ప్రాణం పోయేది కదరా!"

"పోతే పోయింది గానీ, ఇంతకీ పాస్టరుగారి ముక్క సంగతేంటి?"

మకెరీటా నాలుక్కరుచుకుంది. వాడు అసలు ఆ సంగతే చూడలేదు! వాళ్ళమ్మ డాన్సు బావుందని అక్కడక్కడా నిదానం చేసుకుంటున్నాడంతే. తన కొంప తన నోటితోనే ముంచుకుంది. ఇంక దాచేదేముంది, వచ్చిన పనీ చెప్పేసింది.

"సరేలే అత్తా, లోపలికి రా," అన్నాడు జాలిపడి. "పంపకం కత్తిరించడం మాత్రం కుదరదు. డబ్బు పంపిన ఆక్లాండ్ బంధువులు ఏ ముక్క ఎవరికి చేరిందో కళ్ళారా చూసుకుంటారు. కావాలంటే వేగం పెంచేస్తా. నీ చెయ్యి ఎవడికీ ఆనదు. అయినా ముందు నీ హస్తవాసి నన్ను చూడనీ."

వేగం బాగా తగ్గించి వేశాడు. తెర మీద అందరూ నీళ్ళలో ఉన్నట్టు తేలుతున్నారు. విసనకర్ర ఒకటి వంగి లేవడానికి యుగం పట్టింది. మకెరీటా చెయ్యి ఆకు కిందికి మెల్లగా... మెల్లగా...

"అబ్బ, ఏం పనితనం!" అన్నాడు వాడు.

"నోర్ముయ్, వెధవా."

తెర మీద మకెరీటా పిలుపుకి తల తిప్పింది. అప్పుడు ఆమె వెనక నుంచి ఒకామె వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. వంగి బుట్టలోంచి పొట్లం తీసుకుని నడుచుకుంటూ పోయింది.

ఫలనీకో నవ్వు ఆగిపోయింది.

"అత్తా... ఈవిడెవరు?"

"మన ఊరి మనిషి కాదే... ఏరా, ఏమైంది?"

"అందరూ నిదానంగా కదులుతున్నారు కదా... ఈవిడ మామూలుగా నడుస్తోందేంటి?"

వెనక్కి తిప్పాడు. మళ్ళీ వేశాడు. అందరూ తేలుతున్నారు... ఆమె మాత్రం సంతకి వచ్చినట్టు మామూలుగా వచ్చింది, తీసింది, వెళ్ళింది. రెండు వీడియోలు కలిసిపోయాయేమోనని వెతికాడు. లేదు, ఒకటే. వేగం బాగా పెంచాడు. ఊరు ఊరంతా చీమల్లా పరుగెత్తింది. చీమల మధ్య నుంచి ఆమె... ఏ తొందరా లేకుండా... అదే నడక.

మామూలు వేగంలో పెడితే మాత్రం ఏ తేడా లేదు. గుంపులో ఒక మనిషి, అంతే.

"వేగం పెంచితే అందరికీ ఆవిడే కనిపిస్తుంది," గొణిగాడు ఫలనీకో. "మామూలుగా ఉంచితే..."

"నేను కనిపిస్తాను," అంది మకెరీటా. ఏడుపొచ్చింది. కమిటీ, పెద్దరికం, అంతా గాల్లో కలిసిపోయింది. అయినా కొత్త చర్చి విందులోకి అది వచ్చిందని ఊరంతటికీ తెలిస్తే, పిల్లలు ఆ గుమ్మం తొక్కుతారా? "మామూలుగానే ఉండనీరా. నా మొహమే చూసుకోనీ."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రోడ్డెక్కారు. ఎవరూ ఈల వేయలేదు.

శనివారం హాలు కిక్కిరిసింది. వీడియో వేయకముందే మకెరీటా లేచి నిలబడింది. తెర మీద చూసి అడిగేకంటే తానే చెప్పేస్తే నయం అనుకుంది. పాస్టరుగారి వంక చూస్తూ అంతా చెప్పేసింది. ముక్క దాచింది తనేనని, ఇంటికి చేరేసరికి అది మాయమైందని, కమిటీ పెద్దగా తాను తగనని.

పాస్టరుగారు అయోమయంగా చూశారు.

"ఏ ముక్కమ్మా? నడుం ముక్కేనా? అది ఆ సాయంత్రమే నాకు చేరిందిగా. నువ్వే పంపావట."

"నేనా...? ఎవరితో అండీ?"

"ఆవిడతోనే. జుట్టు విరబోసుకుని వచ్చింది. నేను తినేదాకా గుమ్మంలోనే నిలబడింది. నువ్వూ ఓ ముద్ద తినమ్మా అంటే, ఇప్పుడొద్దండీ, ఆదివారం భోజనం మకెరీటా ఇంట్లోనే అంది." ఆయన నవ్వారు. "రేపేగా ఆదివారం?"

సరిగ్గా అప్పుడే, వీడియో మొదలుపెడదామని, ఎవరో హాల్లో లైట్లు ఆర్పేశారు.