ఏరకుండా తెచ్చిన బుట్ట

సముద్రం మీంచి వచ్చిన మనిషి చొక్కాకి ఇస్త్రీ మడత ఎలా నలగకుండా ఉంటుందో ఆమెకి అంతుపట్టలేదు. తాను తెచ్చే చేపలు పెద్దవయ్యే కొద్దీ ఆమె మొహం ఎందుకు చిన్నబోతోందో అతనికి అర్థం కాలేదు. ఇద్దరూ ఇద్దరే.

ఆమె చేపల శాఖ ఉద్యోగి. రేవులో అందరికీ కొలతల మేడమ్. అతను తెడ్డు. పొడుగ్గా, సన్నగా ఉంటాడని వదిన పెట్టిన పేరు, అలాగే స్థిరపడిపోయింది.

ఆ రేవుకి బతుకుతెరువైన ఒక రకం చేప దాదాపు కనుమరుగైతే, దాని వేట కొన్నేళ్ళుగా ఆపేశారు. మళ్ళీ పెరిగిందో లేదో చూడడానికి ఒక్క పడవకి, తెడ్డు వాళ్ళ అన్నయ్య పడవకి, వల వేసే అనుమతి ఇచ్చారు. వాళ్ళు తెచ్చిన బుట్టని ఆమె కొలవాలి. లెక్క బాగుంటే రేవంతా వేటకి వెళ్తుంది. లేకపోతే పడవలన్నీ మరో రెండేళ్ళు ఒడ్డున ఎండాల్సిందే.

"చూడండి మేడమ్, ఒక్కోటీ మోచెయ్యంత ఉంది," అన్నాడు తెడ్డు బుట్ట దించుతూ.

ఆమె అన్నిటినీ కొలిచి నిట్టూర్చింది.

"బాలేవా?"

"బాగున్నాయి."

"మరి ఆ నిట్టూర్పేంటి?"

"ఇంత బాగున్నందుకే."

తెడ్డుకి బుర్ర తిరిగిపోయింది. ఇంటికెళ్ళి, వల బాగుచేస్తున్న వదిన పక్కన కూలబడ్డాడు.

"బాగున్నందుకే బాధట వదినా. అంటే ఏంటి?"

"నువ్వంటే ఇష్టమని. మేం ఆడవాళ్ళం తిన్నగా చెప్తామా ఏంటి?"

వదినకి ఏమీ తెలీదు. తెలీదని ఒప్పుకునే అలవాటు అంతకన్నా లేదు. ఆ మాట పట్టుకుని తెడ్డు మర్నాడు ఇంకా పెద్దవి తెచ్చాడు. చొక్కాకి సెంటు కూడా కొట్టాడు.

ఈసారి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రేపు రిపోర్ట్ పంపాలి. వేట తెరవొద్దనే రాయాలి."

"ఇన్ని పెద్ద చేపలుండగానా?"

"పెద్దవే ఉన్నాయండీ. పిల్లలేవి? ఇంటినిండా తాతలూ అమ్మమ్మలే ఉండి, ఒక్క పసిపాపా లేకపోతే ఆ వంశం నిలుస్తుందా?"

"పిల్లలు లేకపోవడమేంటి? వల నిండా అవే."

"ఎక్కడున్నాయి మరి?"

"నీళ్ళలో వదిలేశాం. బతికున్నవి బతికున్నట్టే."

ఆమె కొలబద్ద కింద పెట్టేసింది. "వలలో పడ్డవన్నీ ఏరకుండా తెమ్మన్నానా లేదా?"

"మాటవరసకి అన్నారనుకున్నా."

"ఎందుకు ఏరారు?"

వాన మొదలైంది. ఇద్దరిలో ఎవరూ రేకుల షెడ్డు కిందకి కదల్లేదు. తెడ్డు చెప్పులకేసి చూస్తూ గొణిగాడు.

"మీ చేతికిచ్చేవి నాసిగా ఉంటే ఎలా మేడమ్? మీరంటే నాకిష్టం."

తిట్టాలో నవ్వాలో ఆమెకి తేలలేదు. "మీ ఇష్టం రేవులో అందరి కొంపా ముంచేది," అంది చివరికి. "రిపోర్ట్ ఆపుతాను. పాత కొలతలన్నీ పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టాలి. రేపు నేనూ పడవెక్కుతా."

ఎక్కింది. రేవు దాటగానే పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకుంది. తెడ్డు నీళ్ళ సీసా అందించాడు. అప్పుడు చూసిందామె. అతని ఒంటిమీద చిరుగుల బనీను ఉంది. ఇస్త్రీ చొక్కా, ప్లాస్టిక్ కవర్లో, మేకుకి వేలాడుతోంది.

"ఓహో, ఇదా సంగతి," అంది నీరసంగా.

తెడ్డు సిగ్గుతో చచ్చిపోయాడు. అంతలో వల పైకొచ్చింది. పెద్ద చేపల మధ్య వేలెడేసి పిల్లలు, లెక్కలేనన్ని. ఆమె తడిసిన చెక్కల మీదే చతికిలబడి కొలవడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏడ్చేసింది. ఆ రోజు నుంచి ప్రతి వలకీ తనే వెళ్ళింది.

వేట తెరిచిన రోజున పడవలన్నీ బయల్దేరుతుంటే వదిన ఆమె చెయ్యి పట్టుకుని తెడ్డు దగ్గరికి లాక్కొచ్చింది.

"మా మరిది గురక పెడతాడు. అలిగితే తిండి మానేస్తాడు. నా మాట విని చెడిపోతుంటాడు. ఏరకుండా చెప్తున్నానమ్మాయ్, అన్నీ కలిపే ఇస్తున్నాం. తీసుకుంటావా?"

తెడ్డు ఇస్త్రీ చొక్కా సర్దుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ముందు ఆ చొక్కా తీసి మేకుకి తగిలించండి," అంది ఆమె. "నేను సరేననుకున్నది ఆ బనీనుని చూసి."