నెమలి బాన

"కొంగలా? నేను జింకలు తెమ్మంటే కొంగలు తెస్తివా?" అని శశికళ మూడోసారి అడిగింది.

"జింకలు అయిపోయినాయంట శశీ. ఆదోనిలో ఎన్ని అంగళ్ళు తిరిగినా ఇవే ఉండాయి," అని బసవన్న మూడోసారి చెప్పాడు.

గేటు పక్కన ఆ రెండు సిమెంటు కొంగలూ ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. ఒకటి శశికళ వైపు, ఇంకొకటి బసవన్న వైపు చూస్తున్నట్టుంది.

"జింకలైతే మా చెల్లెలి ఇంట్లో ఉన్నట్టు గడ్డిలో పెట్టుకుందును. ఈ కొంగల్ని యాడ పెట్టేది?"

అరుగు మీద జొన్నలు చెరుగుతున్న చౌడమ్మవ్వ చేట ఆపింది. "కోసిగిలో నీళ్ళు యాడుండాయని వచ్చినాయే ఈ కొంగలు? దోవ తప్పినాయేమో పాపం. బసవన్నా, బస్సెక్కించి పంపీరా."

వాళ్ళ కూతురు శివలీల పకపకా నవ్వింది. అమ్మ ఆమె వైపు ఉరిమి చూసింది. లీల వెంటనే నోరు మూసుకుంది.

వాళ్ళు ఊరి చివర కొత్త ఇల్లు కట్టుకుని ఆరు నెలలైంది. ఇంటి ముందు కాస్త ఖాళీ స్థలం ఉంది. అక్కడ తోట పెంచాలని అమ్మకు పెద్ద ఆశ. కల్లూరులో ఉండే పిన్ని ఇంటి ముందు జింకలు, కప్పలు, రంగురాళ్ళు, నీళ్ళు చిమ్మే బొమ్మ కూడా ఉన్నాయి. ఆ పిన్ని శివరాత్రికి వీళ్ళింటికి వస్తానంది.

లీల అమ్మ ఫోను తీసుకుని ఒక వీడియో చూపించింది. ఎవరో పాత కుండలకు రంగులు వేసి, పూలమొక్కలు నాటి, ఇంటి ముందు వరసగా పెట్టారు.

"ఇట్ల చేద్దామా అమ్మా?"

అమ్మ ముఖం వెలిగింది. "శానా బాగుండాయి కదే! కానీ అంత పెద్ద కుండ మన దగ్గర యాడుండాది?"

లీలకు జవాబు తెలుసు. కానీ చెప్పలేదు.

*

వాళ్ళ పెరటిగోడ వెనకే రాహేలమ్మ ఇల్లు. రాహేలమ్మ కూతురు మహిమ, లీల ఇద్దరూ ఆరో తరగతే. ఒకే బెంచీ.

వానలు సరిగా పడని ఏడు ఆ ఊరి నుంచి చాలామంది కూలీలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్తారు. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. రాహేలమ్మ, ఆమె భర్త ఏసేపు కూడా క్రిస్మస్ పండగ అయిన వారానికే వెళ్ళారు. మహిమను చూసుకునేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే బడి మాన్పించి వెంట తీసుకుపోయారు.

వెళ్ళే రోజు రాహేలమ్మ వాకిట్లోకి వచ్చి, "చౌడమ్మవ్వా, మా ఇల్లు రోంత చూస్తాండు," అంది.

"నిమ్మళంగా పోయి రాపోమ్మే. నేనుండేది ఎందుకు? నీ ఇంట్లో పుల్ల కూడా యాడికీ పోదు," అని అవ్వ మాట ఇచ్చింది. అప్పుడు లీల పక్కనే ఉంది.

బిందెలు రెండూ వాళ్ళతోనే వెళ్ళాయి. తలుపుకు తాళం పడింది. తాళం ముందు ముళ్ళకంప పెట్టారు. ఇద్దరు పట్టుకుంటే గాని లేవని నీళ్ళ బానను మాత్రం ఎవరు మోసుకుపోతారు? దాన్ని గోడ వారగా బోర్లించి వెళ్ళారు.

బోర్లించిన బాన అంటే పారేసిన బాన కాదు. లోపల దుమ్ము పడకుండా, బల్లులు చేరకుండా అట్లా పెడతారు. మళ్ళీ వస్తాం అని దాని అర్థం. ఈ సంగతి లీలకు తెలుసు. ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు ఉండరు.

'వాళ్ళు ఉగాదికి గదా వచ్చేది. అంతలోపల మళ్ళీ ఈడే పెట్టేస్తా,' అనుకుంది లీల.

మధ్యాహ్నం అవ్వ కునుకు తీస్తుంటే లీల బానను పక్కకు ఒరిగించి, దొర్లించుకుంటూ ఇంటి ముందుకు తెచ్చింది. నడుం చుట్టూ పట్టీలా మట్టి అంటుకున్న ఆ బానను చూసి అమ్మ ఆశ్చర్యపోయింది.

"ఎవురిదే ఇది?"

"బడి ఎనకాల పారేసింటే తెచ్చినా."

"ఇంత మంచి బాన పారేసినారా?"

"అంచు పగిలింది చూడు," అని లీల పెంకు లేచిన చోటు చూపించింది. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, లీలకే కాస్త భయమేసింది.

గేటుకు వేయగా మిగిలిన నీలం పెయింటు ఉంది. లీల రెండు పూతలు వేసింది. ఆరాక దాని మీద తోక విప్పిన నెమలిని గీసింది. తోకలో ఒక్కొక్క కన్నూ పసుపు, తెలుపు రంగులతో దిద్దింది. లీలకు బొమ్మలు వేయడం బాగా వచ్చు.

"ఇంగ మట్టి పోద్దామా?" అంది.

"ఆగు. కింద బొక్క లేకుంటే నీళ్ళు నిలిచి యేర్లు కుళ్ళిపోతాయి," అంది అమ్మ. మేకు, సుత్తి తెచ్చి ఇచ్చింది.

లీల మేకు పెట్టి సుత్తి పట్టుకుంది. చెయ్యి కాసేపు ఆగింది. రంగు వేసిన బానను మళ్ళీ అక్కడ పెట్టొచ్చు. బొక్క పడిన బానను పెడితే ఎట్లా?

"ఏమే, భయమా? మెల్లగా కొట్టు, పగలదులే," అంది అమ్మ.

లీల కొట్టింది. నాలుగో దెబ్బకు మేకు లోపలికి దిగిపోయింది.

శివరాత్రికి పిన్ని వచ్చింది. కొంగల్ని చూసి నవ్వాపుకుంది గాని, నెమలి బానను చూసి మాత్రం నోరు తెరిచింది. "అక్కా, ఇట్లాంటిది మా ఇంట్లో కూడా లేదు!" అంటూ ఫోటోలు తీసుకుంది. కళ్ళు సరిగా కనపడని అవ్వ, అది కూడా కొంగలతో పాటు ఆదోని నుంచే వచ్చిందనుకుంది.

బానలో చామంతి పూసింది. రోజూ సాయంత్రం సంపులోంచి, ఇంటి వాడకం పోగా మిగిలే ఆరు బిందెల నీళ్ళు తోడి తోటకు పోయడం లీల పని.

*

ఉగాదికి ఇంకా ఇరవై రోజులున్నాయి. ఒకరోజు పొద్దున్నే వీధి కొళాయి దగ్గర గలాటా వినిపించింది. ఆ కొళాయికి వారానికి ఒక్కరోజే నీళ్ళు వస్తాయి. వచ్చిన గంటన్నరలో పట్టుకున్నవాళ్ళకు పట్టుకున్నంత.

కాసేపటికి రాహేలమ్మ గేటు దగ్గరికి పరుగున వచ్చింది. వెనక మహిమ ఉంది. మూడు నెలల ఎండకు మహిమ బాగా నల్లబడింది. వేళ్ళ చివర్లు మిరప ఘాటుకు పొట్టు లేచి ఉన్నాయి.

"అవ్వా, పనులు ముందే అయిపోయినాయని రాత్రి బండికి వస్తిమి. మా బాన కనపడలా. రెండు బిందెలు పట్టుకుంటిమి. ఇంగ నీళ్ళు దేంట్లో పట్టుకునేది?"

అవ్వ గబుక్కున లేచింది. "బాన కనపడకుండా పోయేదేంది? మొన్ననే చూస్తినే!" అంది. ఆ మొన్న ఎప్పుడో అవ్వకే తెలియదు. "ఆ ప్లాస్టిక్ సామాను ఏరుకునేటోళ్ళే ఎత్తకపోయింటారు. నేను ఊరంతా అడుగుతా, ఉండు."

లీల స్తంభం పక్కన నిలబడి ఉంది.

బాన అక్కడే, రాహేలమ్మకు నాలుగడుగుల దూరంలో ఉంది. నీలం రంగులో, నెమలితో, చామంతులతో ఉన్న దాన్ని ఆమె పోల్చుకోలేదు. మహిమ చూపు మాత్రం పెంకు లేచిన అంచు మీద ఆగిపోయింది. అక్కడి నుంచి లీల ముఖం మీదికి వచ్చింది.

'ఇప్పుడు చెప్పేస్తుంది,' అనుకుంది లీల.

"నెమలి శానా బాగుండాది," అంది మహిమ. తర్వాత వాళ్ళమ్మ కొంగు పట్టుకుంది. "పా, పోదాం మా."

అవ్వ ఇంట్లోంచి ఒక బిందె తెచ్చి రాహేలమ్మకు ఇచ్చింది. అది నిండేలోపే కొళాయి ఆగిపోయింది.

ఆ రోజంతా అవ్వ కట్టె పట్టుకుని ఊళ్ళో తిరిగింది. సామాను ఏరుకునే ప్రేమయ్యను ఆపి, అతని బండి మూట విప్పించి చూసింది. సాయంత్రం వచ్చి అరుగు మీద కూలబడింది.

"పుల్ల కూడా పోదంటిని. ఏకంగా బానే పాయ. ఆ పిల్లకు మొకం ఎట్ల చూపించేది?" అంటూ అన్నం సగంలోనే చెయ్యి కడిగేసింది.

*

బడిలో బెంచీ మీద మహిమ చోటు ఖాళీగానే ఉంది. ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు.

"మహిమ ఊరికి వచ్చిందంట గదా. బడికి రాలేదేం?" అని లెక్కల సార్ అడిగారు. "పరీక్షలు దగ్గర పడినాయి. మూడు నెలల పాఠాలు పోయినాయి. ఇప్పుడన్నా రాకపోతే ఎట్లా? ఎవరికన్నా తెలుసా?"

లీల పుస్తకంలోకి తల వంచుకుంది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోకుండా ఊరవతలి బోరింగు దగ్గరికి వెళ్ళింది. అనుకున్నట్టే మహిమ అక్కడ ఉంది. నెత్తిన చుట్టకుదురు, చేతిలో బోరింగు పిడి. పదిసార్లు కొడితే దోసెడు నీళ్ళు పడుతున్నాయి.

"ఎన్ని బిందెలు?" అంది లీల. ఏం మాట్లాడాలో తెలియక అడిగిన మాట అది.

"పొద్దున నాలుగు, సాయంత్రం మూడు. అమ్మా నాయనా పనికి పోతాండారు. బాన నిండితే మాకు వారమంతా చూసుకునే పని ల్యాకుండె."

"నీకు ఆ రోజే తెలిసింది కదా?"

"తెలీకేం? ఆ అంచు పగలగొట్టింది నేనే. అమ్మతో దెబ్బలు తినింది నేనే."

"మరి యాల చెప్పలా?"

మహిమ పిడి కొట్టడం ఆపలేదు. "చెప్తే ఏమొస్తాది? మట్టి పోసినావంటే కింద బొక్క పెట్టింటావు. మీ నాయన చేన్లోనే గదా మావోళ్ళు పనికి పొయ్యేది. మీతో కొట్లాట ఎందుకు?"

బిందె నిండాక మెల్లగా అంది. "నువ్వే చెప్తావనుకున్యా. మూడు దినాలు చూసినా."

లీల కళ్ళలో నీళ్ళు నిండాయి. మహిమ అది చూసింది గాని, ఊరుకోమని అనలేదు. బిందె ఎత్తుకుని నడిచింది. లీల రెండో బిందె ఎత్తుకుంది. దారంతా నీళ్ళు తొణికి బట్టలు తడిశాయి. ఇల్లు చేరేసరికి బిందె సగమైంది.

రాహేలమ్మ అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. లీల ఆమె ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు.

రాహేలమ్మ లీల వెంట వచ్చింది. అరుగు మీద అవ్వ లేదు. రాహేలమ్మ తోటలో బాన ముందు కూర్చుని దాని నడుం తడిమి చూసింది.

"బొక్క ఒక్కటే అయితే సిమెంటు పెట్టి పూడ్చుకుందును పాపా," అంది. "రంగేసినావు. ఇంగ బాన చెమర్చదు. చెమర్చకుంటే నీళ్ళు చల్లబడవు. తాగితే రంగు వాసన. ఇంత పెద్దవి ఇప్పుడెవరూ చేయడం ల్యా. మా అత్త వాడిన బాన ఇది."

"నన్ను కొట్టు రాహేలక్కా," అంది లీల.

"కొడితే బానొస్తాదా?" రాహేలమ్మ లేచింది. "పోనీలే. పూలన్నా పూస్తాండాయి."

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది అనిపించింది లీలకు.

*

ఆ రాత్రి అందరూ అన్నానికి కూర్చున్నారు. లీల కంచంలో చెయ్యి పెట్టలేదు. ముందు అవ్వతో చెప్పింది. తర్వాత అమ్మ వైపు తిరిగి, బడి వెనకాల దొరికిందన్న అబద్ధం సంగతి చెప్పింది.

అమ్మ ముద్ద అట్లాగే పట్టుకుని ఉండిపోయింది. "మేకు నేనే తెచ్చిస్తినే," అంది చివరికి.

అవ్వ కంచం పక్కకు జరిపింది.

"ప్రేమయ్యను నడిబజార్లో నిలబెట్టి మూట విప్పిస్తిని కదే. ఏ పాపమూ ఎరగనోడు. దొంగను ఇంట్లో పెట్టుకుని ఊరంతా ఎతికితిని."

అవ్వ ఎప్పుడూ లీలను దొంగ అనలేదు. లీల కాదనలేదు.

"రేపు నీతో పాటు ప్రేమయ్య తాత ఇంటికి నేనూ వస్తా అవ్వా. నేనే చెప్తా."

అవ్వ తల ఊపింది. కానీ లీల వైపు చూడలేదు.

"సర్లే," అన్నాడు నాయన. "ఆదివారం ఆదోనికి పోయి రాహేలమ్మకు పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చిస్తా. అయిపోతాది."

"డ్రమ్ము వచ్చినా కొళాయి రావాల కదా నాయనా. అంతదాకా మహిమ బోరింగుకే పోవాల. బడికి రాదు."

"మరేం చేద్దామంటావు?"

లీల ఆ మాట ముందే అనుకుని వచ్చింది. అందుకే గొంతు పెంచలేదు. ఒక్కొక్కరి ముఖం చూస్తూ మెల్లగా చెప్పింది.

"తోటకు నేను పోసే ఆరు బిందెలు రేపటి నుంచి మహిమ వాళ్ళింటికి మోస్తా. పొద్దున్నే, బడికి ముందు. పరీక్షలు అయిపోయేదాకా."

"ఈ ఎండకు వారం కూడా ఆగవే మొక్కలు," అంది అమ్మ. ఆమె చూపు కిటికీలోంచి తోట వైపు వెళ్ళి వచ్చింది. "అన్నీ ఎండిపోతాయి."

"ఎండిపోతాయి మా," అంది లీల. "మహిమ బడికొస్తాది."