కళ్ళు రాకముందు

బడి నుంచి షోగిక్ నేరుగా చేపగుడ్లు పొదిగించే హేచరీ షెడ్డుకు వచ్చింది. అమ్మ ఆరుస్యాక్ మూడో ట్రే మీది నల్లగుడ్డ తొలగించి, కదలకుండా నిలబడి ఉంది. తేనెరంగు గుడ్లలో సగం చచ్చిపోయి సున్నంలా తెల్లబడ్డాయి.

అవి ఇష్ఖాన్ చేప గుడ్లు. మా సెవాన్ సరస్సు సొంత చేప అది. ఇప్పుడు వలలో ఒక్కటి పడినా పడవల వాళ్ళు ఒకరినొకరు పిలిచి చూపించుకుంటారు. గుడ్డులో కళ్ళు కనబడటానికి మూడు వారాలు పడుతుంది. అందాకా ట్రేను కదపకూడదు, కదిపితే గుడ్లు చచ్చిపోతాయి.

షోగిక్ కదిపింది. రోజూ సాయంత్రం, ఎవరూ చూడనప్పుడు ట్రే నీళ్ళలోంచి ఎత్తి, కిటికీ వెలుగుకు పట్టి చూసేది. కళ్ళు ఎలా వస్తాయో చూడాలని. ఒక్క క్షణమే కదా అనుకునేది.

అమ్మకు ఆ సంగతి తెలియదు. కాపలా ఉండే హామో తాతను పిలిచి, ట్రేల మీదుగా పారే నీళ్ళు ఎప్పుడైనా ఆగాయా అని అడిగింది. ఆగలేదన్నాడు తాత. అమ్మ ఇంకోసారి అడిగింది.

"ఏమోనమ్మా, ముసలాణ్ణి. కునుకు పట్టిందేమో. అప్పుడు ఆగాయేమో."

షోగిక్ ఆయన ముఖం చూసింది. తాత అబద్ధమాడటం లేదు. చేయని తప్పును నిజంగానే తనలో వెతుక్కుంటున్నాడు. తను ఇంకాసేపు ఊరుకుంటే, అది ఆయనకు దొరికేస్తుంది కూడా.

"తాతా, నీళ్ళు ఆగలేదు," అంది. "ట్రే నేనే ఎత్తాను. రోజూ."

అమ్మ చాలానే అంది. ఇక షెడ్డులోకి అడుగు పెట్టొద్దంది.

హామో తాత టోపీ సర్దుకున్నాడు. "రానివ్వమ్మా. నా బుర్ర ఇంకా బాగానే ఉందని చెప్పింది ఈ పిల్లొక్కతే."

మర్నాడు అమ్మ ఒప్పుకున్నాక షోగిక్ స్టూలు తెచ్చుకుని ట్రే పక్కన కూర్చుంది. మిగిలిన గుడ్లు నల్లగుడ్డ కింద ఉన్నాయి. లోపల ఏం జరుగుతోందో అనుకోగానే వేళ్ళు కదిలాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"తాతా, కళ్ళకంటే ముందు ఏమొస్తుంది?"

"నలభై ఏళ్ళుగా నేనూ అదే ఆలోచిస్తున్నా. ఎత్తి చూస్తే అది ఆగిపోతుంది. నీకేమనిపిస్తోంది?"

"గుండె," అంది షోగిక్.

చేతులు తీయకుండానే వంగి, గుడ్డ దగ్గరగా చెవి పెట్టింది. నీళ్ళ చప్పుడే వినిపించింది. అయినా వింటూనే ఉంది.