ఓ గానీ, సున్నా గానీ

"ఇంత చెత్త డేటా నా సర్వీసులో చూడలేదండీ," అన్నాడు బ్లడ్ బ్యాంకు కంప్యూటర్లు బాగుచేయడానికి వచ్చినతను.

చిట్టికి ఒళ్ళు మండింది. దాతల వివరాలు ఎక్కించేవాళ్ళలో తనూ ఒకతె మరి.

"మీ సర్వీసు ఎన్నాళ్ళేంటి?"

"మొన్ననే చేరాను."

నవ్వొచ్చింది గానీ పంటి బిగువున ఆపుకుంది. బయట వాన దంచి కొడుతోంది. అతని చొక్కా తడిసి భుజాలకి అంటుకుంది. చూపు మాత్రం స్క్రీను మీద నిలవకుండా మాటిమాటికీ ఆమె మీదికి జారుతోంది. చిట్టి చూడనట్టే ఉండిపోయింది.

అప్పుడే అన్నయ్య ఫోన్ చేశాడు. "చిట్టీ, మీ వదినకి సాయంత్రమే ఆపరేషన్ చేయాలట. ఆగితే తల్లికీ బిడ్డకీ ప్రమాదం అంటున్నారు. ఓ నెగటివ్ రక్తం లేనిదే మొదలుపెట్టరట. మీ దగ్గరుంది కదూ?"

ఫ్రిజ్‌లో ఆ గ్రూపుది ఒక్క సంచీ కూడా లేదని ఆమెకి తెలుసు. "పంపిస్తానన్నయ్యా," అనేసింది. ఓ నెగటివ్ అని కొట్టి వెతికితే ఇద్దరే వచ్చారు. ఒకాయన ఊళ్ళో లేడు. రెండో ఆయన ఫోనెత్తలేదు.

"ఇద్దరే అయ్యుండరు," అన్నాడతను మెల్లగా. "ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు. కొందరు నెగ్ అని ఆపేశారు. కొందరు మైనస్ పెట్టారు. ఓ బదులు సున్నా కొట్టినవాళ్ళూ ఉన్నారు. కాస్త జరగండి."

అతను కొట్టిన వరస చూస్తే కీబోర్డు మీద పిల్లి నడిచినట్టుంది.

"ఏంటిది, మంత్రమా?"

"ప్యాటర్న్. ముందు ఓ గానీ సున్నా గానీ. తర్వాత ఖాళీ ఉన్నా సరే, లేకపోయినా సరే. ఆపైన మైనస్ గానీ నెగ్ గానీ. ఈ పోలికలో ఉన్నదేదైనా పట్టుకురమ్మంటున్నాను."

ఎంటర్ నొక్కగానే దొరికినవన్నీ వెలిగి స్క్రీనంతా పసుపుపచ్చగా మారిపోయింది.

"ఫోన్ నంబర్లని కూడా పట్టుకొచ్చిందండీ," అంది చిట్టి ఏడుపు గొంతుతో. "వాటిలోనూ సున్నా పక్కన గీత ఉంది కదా. కానీ ఆ సున్నాకి ముందు ఇంకో అంకె ఉంది, చూడండి."

అతను ఆమెకేసి మెచ్చుకోలుగా చూసి, ముందు అంకె గానీ అక్షరం గానీ ఉండకూడదని ఇంకో గుర్తు చేర్చాడు.

ఈసారి అక్కడొకటి, ఇక్కడొకటి వెలిగాయి. ఒక టైలరు. ఒక బస్సు డ్రైవరు. ఒక టీచరమ్మ. అన్నీ తను రోజూ చూసే పేజీలే. ఇంతమంది ఇన్నాళ్ళూ తన కళ్ళముందే ఉన్నారా అనుకుంటే చిట్టికి ఒళ్ళు జలదరించింది. ఒక్క వరసతో వాళ్ళందరినీ పిలిచిన మనిషిని నోరు తెరుచుకుని చూసింది.

"నన్ను తర్వాత చూద్దురుగాని, ముందు ఫోన్లు చేయండి," అన్నాడతను.

చెరో ఫోనూ పట్టుకున్నారు. అంత వానలోనూ, చేస్తున్న పని వదిలేసి మరీ వచ్చారు వాళ్ళు. ఒక్కొక్కరే చొక్కా చెయ్యి మడుచుకుంటూ లోపలికి వెళ్తుంటే అతను తలుపు దగ్గర కళ్ళప్పగించి నిలబడిపోయాడు.

"వీళ్ళనా నేను చెత్త అన్నది," అన్నాడు. కోపమంతా ఎటు పోయిందో గానీ, చిట్టికి అతని చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంది.

మర్నాడు ఆసుపత్రికి అతన్ని వెంటబెట్టుకునే వెళ్ళింది. వదిన పక్కలో పాప నిద్రపోతోంది. అన్నయ్య అతన్ని కావలించుకున్నాడు. వదిన ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"కంప్యూటర్ బాగైపోయిందటగా బాబూ. ఇంక ఇటువైపు రావేమో."

అతను నోరు తెరిచేలోపే, "వస్తారు," అంది చిట్టి. అనేశాక చెవుల దాకా ఎర్రబడింది.

వదిన నవ్వి అన్నయ్యకేసి తిరిగింది. "పాపని అతనికివ్వండి. ఎత్తుకోవడం అలవాటవ్వాలి కదా."